తిథి తెలిసినవారు

తెలుగింటిలో పుట్టినదినము ఒక లెక్కను బట్టియు, పోయినదినము వేరొక లెక్కను బట్టియు నడచుట చిరకాలముగా ఉన్నదే. పిల్లవాని పుట్టినరోజు బడి రిజిస్టరులో వ్రాసిన తారీఖున వచ్చును. తాతగారి తద్దినము చంద్రుని వెంట నడచి, ఒక యేడు అక్టోబరు మొదటి వారముననే వచ్చును. మరొక యేడు ఆ నెల చివరకు జరుగును. ఈ రెండు లెక్కలను కలిపి మనస్సులో మోయువారు ప్రతి ఇంటను ఒక్కరుందురు. సాధారణముగా ఆ ఒక్కరు ఆ ఇంటి నాయనమ్మయో, అమ్మమ్మయో, పెద్ద మేనత్తయో అయియుండును. ఆమెకు చదువు వచ్చియుండవచ్చును, రాకపోవచ్చును. ఎవరి తిథి ఎప్పుడన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము ఇల్లంతయు ఆమె ముఖమువంకనే చూచును.

పుట్టుక విషయమున పూర్వులు అంత పట్టుదల చూపలేదు. జాతకము వ్రాయించుకొనగల ఇండ్లను మినహాయింపగా, తక్కిన జనులు ఏదో ఒక పెద్ద ఆపదను గుర్తుగా పెట్టుకొని వయస్సు చెప్పుకొనిరి. నందన నామ సంవత్సరమున గుంటూరు సీమను పాడుచేసిన డొక్కల కరువు (1832-33) కొందరికి గుర్తు. 1876లో మొదలై రాయలసీమను పీల్చి పిప్పిచేసిన ధాత కరువు మరికొందరికి గుర్తు. 1864 నవంబరు 1న బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్న ఉప్పెన కృష్ణాతీరమువారికి గుర్తు. ఆ ఉప్పెననాటికి చంకలోని బిడ్డ అన్న మాటయే ఆ కాలపు జనన ధ్రువపత్రము. సంవత్సరములకు పేళ్లున్నందువలన ఈ పద్ధతికి ఒక చిక్కు కూడ వచ్చినది. ప్రభవాది నామములు అరువది యేండ్లకొకసారి తిరిగి వచ్చును గనుక, ధాతలో పుట్టితినన్నవాడు ఏ ధాతలో పుట్టెనో అతని నెరసిన తల చూచి నిర్ణయింపవలసినదే. పుట్టిన సంవత్సరము పేరు మరల వచ్చువరకు బ్రదికినవానికి షష్టిపూర్తి చేయుట ఈ లెక్కనుండి పుట్టిన వేడుకయే. వేయి పున్నములు చూచినవారికి చేయు సహస్ర చంద్ర దర్శన శాంతియు అట్టిదే. ఏడాదికి పండ్రెండుకు కొంచెము మించి పున్నములు వచ్చుచుండుటచే ఎనుబది యేండ్లు నిండి కొన్ని నెలలు గడచునప్పటికి ఆ వేయి పూర్తియగును. ఈ గుణకారమును విద్యార్థులు స్వయముగా చేసి చూచుకొనవచ్చును.

తారీఖును ఇంటిలోనికి తెచ్చినది బడి. కుడిచేతిని నడినెత్తిమీదుగా వంచి ఎడమచెవిని అందుకొనగలిగిన పిల్లవానికి అయిదేండ్లు నిండినవని పల్లెటూరి పంతులుగారు నిర్ణయించిన కాలమొకటి ఉండెడిది. తండ్రికి తారీఖు తెలియదు. పంతులుగారికి రిజిస్టరులోని గడి ఖాళీగా ఉంచుటకు వీలులేదు. ఆ నిమిషమున తోచిన తారీఖు ఆ గడిలో పడెడిది. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలలో జూన్ ఒకటవ తేదీనో, జూలై ఒకటవ తేదీనో పుట్టినవారు అంత ఎక్కువగా కనబడుటకు కారణము గ్రహసంచారము కాదు, బడులు తెరచు వేళ. ఆ తారీఖే తరువాత పరీక్షకు, ఉద్యోగమునకు, పింఛనుకు ఆధారమైనది.

ఈ విషయమున ఉపాధ్యాయులకు అందరికంటె దగ్గరి ఉదాహరణము సర్వేపల్లి రాధాకృష్ణ పండితునిది. 1962 మొదలు దేశమంతట సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుచున్నాము. అది ఆయన జన్మదినముగా 1888 సంవత్సరముతో నమోదైన తారీఖు. ఆయన కుమారుడును చరిత్రకారుడును అయిన సర్వేపల్లి గోపాల్ వ్రాసిన జీవితచరిత్రలో మాత్రము, నిజమైన జన్మదినము 1887 సెప్టెంబరు 20 కావచ్చునన్న సూచన ఉన్నది. రాష్ట్రపతి పదవిని అలంకరించిన మహావిద్వాంసుని విషయమే ఇట్లున్నప్పుడు, పొలమునుండి నేరుగా బడికి వచ్చిన పిల్లల సంగతి చెప్పనేల? ఇప్పుడు కాలము మారినది. 1969 నాటి జనన మరణ నమోదు చట్టమును 2023లో సవరించిన పిమ్మట, ఆ యేడు అక్టోబరు 1 మొదలుకొని పుట్టినవారికి బడిలో చేరుటకు జనన ధ్రువపత్రమే ఆధారము. ఇకమీదట చెవి పట్టుకొని చూపవలసిన పని పిల్లలకు లేదు.

మరణము సంగతి వేరు. అక్కడ పూర్వులు ఒక్క పూట పొరపాటును కూడ ఓర్వలేదు. చాంద్రమానపు సంవత్సరము సుమారు 354 దినములది. సూర్యుని సంవత్సరముకంటె పదునొకండు దినములు తక్కువ. ఆ తరుగును పూడ్చుటకు పందొమ్మిదేండ్లలో ఏడు అధికమాసములు వచ్చును. అధికమాసమున గతించినవారికి, ఆ అధికము లేని యేడు ఏ నెలలో తద్దినము పెట్టవలెనో, ఒకే తిథి రెండు దినములను తాకినప్పుడు ఏ దినము గ్రహింపవలెనో పెద్దలు నిర్ణయించి ఉంచిరి. పండుగలకు చాలవరకు సూర్యోదయపు తిథిని చూతురు. తద్దినమునకట్లు గాదు, పగటిని అయిదు భాగములు చేసి, నాలుగవదియైన అపరాహ్ణమున ఏ తిథి ఉన్నదో చూతురు. ఆరు గంటలకు ప్రొద్దు పొడిచినచో అది మధ్యాహ్నము ఒంటిగంట దాటిన పిమ్మట మొదలై మూడున్నర వరకు ఉండును. తద్దినమునాడు ఇంటిలోని పిల్లలు ఆకలితో నకనకలాడుటకు శాస్త్రీయమైన హేతువు ఇదియే. పందొమ్మిదేండ్లకొకసారి తిథియు తారీఖును తిరిగి ఒక్కచోట కలిసికొనును. కొన్ని వేళల ఒక దినము ఎడముండవచ్చును.

ఇంత సూక్ష్మమైన లెక్కను కాగితము లేకయే నిలుపుకొనవలసి వచ్చుట ఆశ్చర్యకరము. పెండ్లి శుభలేఖకు నాలుగు అంచులను పసుపు పూయుదురు. దానిని ఏండ్ల తరబడి తీగకు గ్రుచ్చియో, ఇనుపపెట్టెలో చీరల అడుగున దాచియో ఉంచుదురు. సంవత్సరము పేరు, మాసము, తిథి, వారము, నక్షత్రము, ఇంగ్లీషు తారీఖు అన్నియు దానిమీద అచ్చుపడియుండును. చావు కబురు తెచ్చిన కార్డును మాత్రము చదివిన వెంటనే చించివేయుట పలు ఇండ్లలోని ఆచారము. ఇందులోని విచిత్రము గమనింపదగినది. ఏటేట జరుపుకొను అలవాటే లేని పెండ్లిరోజుకు కాగితము మిగిలినది. ఏటేట తప్పక జరుపవలసిన మరణతిథికి కాగితము మిగులలేదు. పెండ్లిరోజు చేసికొనుట తెలుగు ఇండ్లలో ఇటీవలి ముచ్చట. కావలసినవారు పాతపెట్టె తీసి చూచుకొందురు. తిథిని మాత్రము ఎవరో ఒకరు మనస్సున పెట్టుకొనక తప్పలేదు.

ఆ పెట్టుకొను విధానము పంచాంగమువంటిది కాదు. నాగులచవితి వెళ్లిన మూడవనాడు, అట్లతద్దికి ముందుదినము, రథసప్తమి నాటి సాయంకాలము అని ఆమె పండుగలను ప్రక్కన నిలిపి చెప్పును. ఆ తిథితోపాటు ఆనాటి వాన, వైద్యుని కొరకు వెళ్లిన బండి, సమయమునకు అందని కొడుకు, పోయినవాడు చివరగా అడిగిన పదార్థము అన్నియు బయటికి వచ్చును. తద్దినపు వంటకు నియమములున్నవి. అందులో పోయినవారి ఇష్టములకు తావు తక్కువ. కాని కోస్తాజిల్లాలలోను ఉత్తరాంధ్రమునను సంక్రాంతి పెద్దల పండుగ. ఆ దినమున క్రొత్తబట్టలు గతించినవారి పేర ఉంచి, తరువాత ఇంటివారు కట్టుకొందురు. వారికి ప్రీతియైనవి వండి పెట్టుదురు. తెలంగాణమున భాద్రపద అమావాస్య పెత్రమాస. పగలు పెద్దల పేర బియ్యమిచ్చి, సాయంకాలము ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుదురు. దుఃఖమునకును ఆటకును నడుమ ఒక్క పూటయే ఎడము. తెలుగు కథోలిక క్రైస్తవులు నవంబరు 2న సమాధులను కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగింతురు. అక్కడ తారీఖే తిథి.

ఎంతకాలము తలచుకొనవలెనన్నదానికిని ఒక హద్దు పెట్టిరి. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. ఈ మూడు తరములకే పేరు చెప్పి పిండము పెట్టుట. ఇంటిలో ఒకరు గతించి సపిండీకరణము జరుగగానే వరుసలోని నాల్గవ పెద్ద పేరు జారిపోవును. ఇందులో కఠినత్వము కంటె మానవ స్వభావ జ్ఞానమే ఎక్కువగా కానవచ్చును. ముత్తాతను చూచినవారు ఇంటిలో ఒకరో ఇద్దరో ఉండవచ్చును. అంతకు పైవానిని ఎరిగినవారు సాధారణముగా ఉండరు. మనిషిని ఎరిగినవారున్నంతవరకే పేరు పలుకుట అన్న ఏర్పాటు అది. జారిపోయిన పేరు మరియొక దారిని ఇంటిలోనికి వచ్చును. మనుమనికి తాత పేరు పెట్టుదురు. మామగారి పేరు కోడలు నోట పలుకరాదన్న మర్యాద అడ్డుపడుటచే ఆ బిడ్డ తాతబ్బాయియో, పెదబాబో, అబ్బులో అగును. అసలు పేరు బడి రిజిస్టరులో మాత్రము నిలుచును. తల్లి తన బిడ్డను అసలు పేరున ఏనాడును పిలువని ఇండ్లు ఒకప్పుడు తక్కువేమియు కాదు.

మహాలయ పక్షపు పదునైదు దినములు ఈ హద్దును కొంత సడలించినవి. పిల్లలు లేని పినతండ్రి, పుట్టింటనే పోయిన తోబుట్టువు, మామగారు, స్నేహితుడు కూడ కారుణ్య పితరులుగా ఆ తర్పణములలో చేరుదురు. గురువు కూడ ఆ వరుసలో ఉన్నాడు. చదువు చెప్పినవానికి ఏడాదికొకసారి శిష్యుడు నీళ్లు వదలుట ఉపాధ్యాయ దినోత్సవము కంటె చాల పాతది. సుమంగళిగా పోయిన స్త్రీకి ఆ పక్షముననే నవమి ప్రత్యేకము. తిథి ఎరుగనివారికి అమావాస్య ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయిరి. ఇంటిలో ఎవరి తిథి ఎప్పుడో చెప్పవలసిన ముసలమ్మలు కూడ వారిలోనే ఉన్నారు. ఆ సీమవారు ఇప్పటికిని ఆ తారీఖుననే మృతులను తలచుకొనుచున్నారు. ఊరంతటికి ఒక్కటే మరణదినమైనచోట ఇంటింటి తిథి అడుగువారెవరు?

ఇప్పుడు తిథి లెక్కించుట కష్టము కాదు. అమెరికాలోని కుమారుడు తానున్న నగరపు పంచాంగమును చేతిలోని ఫోనులోనే చూచుకొనును. అక్కడి అపరాహ్ణమును బట్టి తద్దినము ఒక్కొక్కసారి ఇక్కడికంటె ఒక తారీఖు ముందుగనే వచ్చుననియు తెలిసికొనును. అయినను తల్లికి ఫోను చేసి, “ఈ యేడు నాన్నగారిది ఎప్పుడు వచ్చిందమ్మా?” అని అడుగుచునే ఉన్నాడు. ఆమె తిథి చెప్పి ఊరకుండదు. ఫోను పెట్టునప్పటికి ముప్పావుగంట గడచును. ఆ ముప్పావుగంటలోని మాటలే ఎక్కడను వ్రాసి లేవు.

వేసవి సెలవులలో ఏ విద్యార్థియైనను నలుబది పుటల పుస్తకమొకటి తీసికొని ఇంటి ముసలమ్మ ప్రక్కన కూర్చుండినచో అవి వ్రాతలోనికి వచ్చును. పేరు, పుట్టినింటివారి పేరు, పుట్టినది, పెండ్లి, పోయినది, ఇష్టమైనది అని ఆరు గళ్లు గీసికొనిన చాలును. మగవారి గళ్లు త్వరగా నిండును. ఆడువారి పుట్టినింటి పేరుల కొరకు ఆమె కొంచెము ఆలోచించును. పుట్టినరోజుల గడి చాలవరకు ఖాళీగానే పోవును. చివరకు ఆమె వంతు వచ్చినప్పుడు, అందరి తిథులును గడగడ చెప్పిన ఆ నోరే, తాను పుట్టినప్పుడు మామిడికాయలు ఊరవేయుచుండిరని మాత్రము చెప్పును.