బజారులో ఆత్మ లెక్క
కథోలికుల ఆధ్యాత్మిక సాధనలు - ఒక పరిశీలన

ఒంగోలు ప్రాంతంలో పొగాకు, మిరప, ప్రత్తి వ్యాపారం చేసేవారికి చిట్టా ఆవర్జాల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఏనాటి జమాఖర్చు ఆనాడే సరిచూచుకోనివాని వ్యాపారం నిలువదు. మరి మనిషి తన ఆత్మకు కూడ ఇట్టి లెక్క ఉంచుకోగలడా? ఇల్లు, వృత్తి విడువకుండానే అది సాధ్యమా? ఈ ప్రశ్నకు కథోలిక క్రైస్తవులు చెప్పుకొన్న సమాధానం ఒకటి కలదు. పొరుగువారి సాధన ఎట్టిదో సరిగా తెలిసికొని, అది మన విశ్వాసంతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో గుర్తించటం విజ్ఞుల లక్షణం.

ఒంగోలు క్రైస్తవులనగానే మనకు బాప్టిస్టులే గుర్తుకు వస్తారు. 1866లో ఇక్కడికి వచ్చిన అమెరికను మిషనరీ జాన్ క్లఫ్ కాలంలో, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందటం ప్రసిద్ధమైన సంగతి. కథోలికులు వేరు. ఇక్కడి కథోలికులు 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనానికి చెందినవారు. కథోలికులలోని ‘యేసు సభ’ గురువులు తెలుగువారికి ముఖ్యంగా విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల వల్ల పరిచితులు. 1953లో స్థాపితమైన ఆ కళాశాల పేరులోని లొయోలాయే మన ప్రస్తుత విషయానికి మూలపురుషుడైన ఇగ్నేషియస్ జన్మస్థలం.

ఇగ్నేషియస్ స్పెయిను దేశపు సైనికుడు. 1521లో పాంప్లోనా కోట పోరాటంలో ఫిరంగి గుండు తగిలి అతని కాలు విరిగింది. మంచం పట్టిన ఆ రోజులలో మనసు మారింది. తరువాత మన్రేసా పట్టణంలో తాను చేసిన ధ్యానాల అనుభవాన్ని ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే గ్రంథంగా కూర్చాడు. 1548లో పోపు మూడవ పాల్ దానిని ఆమోదించాడు. ఇందలి సాధనలు నాలుగు ‘వారాలు’. మొదటిది పాపచింతన. రెండవది యేసు జీవితం. మూడవది ఆయన శ్రమలు, మరణం. నాలుగవది పునరుత్థానం. సాధకుడు ఒక మార్గదర్శకుని క్రింద దాదాపు 30 రోజులు ఏకాంతంలో గడపాలి.

అయితే కొలువులు, వ్యవహారాలు గలవారి మాటేమిటి? ఆ గ్రంథపు 19వ సూచన వీరికోసమే. అట్టివారు పనులు మానక, రోజుకు గంటన్నర కేటాయిస్తే చాలును. ఈ పద్ధతిలో సాధన సాధారణంగా 8, 9 నెలలు సాగుతుంది. సాధకుడు మధ్యమధ్య మార్గదర్శకుని కలిసి తన స్థితి చెప్పుకొంటాడు.

దీనికి తోడు నిత్యం చేసే ఆత్మపరిశోధన ఉన్నది. దీనికి ఐదు మెట్లు: దేవునికి కృతజ్ఞత చెప్పటం, తన తప్పులు తెలిసికొనే వెలుగు కోరటం, గడియగడియకు తన నడత లెక్కించటం, క్షమాపణ వేడటం, సరిదిద్దుకొంటానని నిశ్చయించుకోవటం. ఏదైనా ఒక్క దోషాన్ని, ఉదాహరణకు కోపాన్ని, వదలుకోదలచినవాడు ఉదయం లేవగానే సంకల్పం చేసుకోవాలి. మధ్యాహ్నం, రాత్రి భోజనాల తరువాత ఎన్నిసార్లు తప్పాడో అన్ని చుక్కలు గీత మీద పెట్టాలి. నేటి చుక్కలను నిన్నటి వాటితో, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చుకోవాలి. తప్పిన ప్రతిసారి రొమ్ముపై చేయి వేసుకొని నొచ్చుకోవాలి. పదిమందిలో ఉన్నా దీనిని ఎవరూ గమనించరు.

ముస్లిం పాఠకునికి ఇది వినగానే ‘ముహాసబా’ స్ఫురించక మానదు. రేపటికోసం తానేమి పంపుకొన్నదీ ప్రతి ప్రాణి చూచుకోవాలని దివ్య ఖుర్ఆన్ హష్ర్ సూరా 18వ ఆయతులో ఆదేశం ఉన్నది. పరలోకంలో లెక్క అడుగబడక మునుపే తమ లెక్క తామే చూచుకొమ్మని హజ్రత్ ఉమర్ (రజి) బోధించారు. 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో మనసును వ్యాపార భాగస్వామితో పోల్చారు. ఉదయం షరతులు, పగలు కాపలా, సాయంత్రం లెక్క. ఫర్జులు మూలధనం, నఫిల్లు లాభం, పాపాలు నష్టం. ఇగ్నేషియస్ గ్రంథానికి ఇది నాలుగు శతాబ్దాల ముందటిది. ఇంత మాత్రాన ఒకరినుండి మరొకరు గ్రహించారని చెప్పరాదు.

పోలికతోపాటు భేదమూ స్పష్టంగా ఉండాలి. పై నాలుగింటిలో చివరి మూడు ‘వారాలకు’ ఆధారం యేసు దైవకుమారుడనీ, సిలువపై మరణించి లేచాడనీ నమ్మే విశ్వాసం. హజ్రత్ ఈసా (అలై) అల్లాహ్ ప్రవక్త అనీ, వారు సిలువపై చంపబడలేదనీ మన విశ్వాసం. కథోలికుడు పాపాన్ని గురువు ఎదుట ఒప్పుకొంటాడు. మన తౌబాకు మధ్యవర్తి లేడు. కనుక ఈ సాధన ముస్లిము ఆచరించదగినది కాదు, అర్థం చేసికొనదగినది.

ఈ సందర్భంలో ఇగ్నేషియస్ స్వయంగా చెప్పుకొన్న ఒక సంఘటన గమనార్హం. 1522లో అతడు కంచరగాడిదపై పోతుండగా ఒక ముస్లిము దారిలో కలిశాడు. బీబీ మర్యమ్ కన్యగానే గర్భం ధరించారని ఆ ముస్లిము అంగీకరించాడు. ప్రసవానంతరం కూడ కన్యగానే ఉన్నారన్న మాటను ఒప్పుకోలేదు. అతడు ముందుకు సాగిపోయాక ఇగ్నేషియస్ రగిలిపోయాడు. వెంబడించి బాకుతో పొడవాలా, విడిచిపెట్టాలా అన్నది తేల్చుకోలేక కళ్ళెం వదిలివేశాడు. ఆ మూగజీవి వేరొక బాట పట్టింది. ఒక ప్రాణం దక్కింది. ఒకరికి హత్యాపాతకం తప్పింది. అదే మనిషి తన గ్రంథారంభంలో, పొరుగువాని మాటను ఖండించేకన్న దానికి మంచి అర్థం తీయటానికే ముందు సిద్ధపడాలని నియమం పెట్టాడు. అనుమానాలకు దూరంగా ఉండమన్న హుజురాత్ సూరా 12వ ఆయతు ఆదేశం మనకు తెలిసినదే.

తన లెక్క చూచుకోనివానికి ఇతరుల లెక్కపై ఆత్రం ఎక్కువ. ఆ ఆత్రమే ఒకనాడు బాకుదాకా పోయింది. ఐదు పూటల నమాజు మనకు రోజును ముందే భాగించి ఇచ్చింది. జుహర్‌కు ఒకసారి, ఇషా తరువాత దుకాణపు చిట్టా మూసేటప్పుడు మరొకసారి ఆ రెండవ చిట్టా కూడ తెరిచేవానికి పొరుగువాని పద్దులు తిరగవేసే తీరిక ఉండదు.