కట్టు కట్టిన తరువాత

ఎముక విరిగిన మనిషిని ఆసుపత్రికి చేర్చునంతవరకు ఇంటిల్లిపాదియు పడు ఆరాటము, ఎక్స్‌రే తీసి, విరిగిన తునకలను సరిగా కూర్చి, పిండికట్టు వేసినతోడనే చాలవరకు చల్లారిపోవును. "కట్టు వేసేశారు, ఇంక భయం లేదు" అని బంధువులు ఒకరితో ఒకరు చెప్పుకొని కాఫీకి పోవుదురు. కాని ఎముకల వార్డులో ఏండ్ల తరబడి పనిచేసిన నర్సును అడిగినచో, తన పని అప్పుడే ఆరంభమగుచున్నదని చెప్పును. ఎముకను కూర్చుట గంటల పని. అది అతుకుకొనుట వారముల పని. తొడ ఎముక వంటి దాని విషయమున నెలల పని. విరిగిన ఎముకకు ఆ కాలమంతయు కావలసినది నిశ్చలత. ఆ ఎముకను చుట్టియున్న కండరములకు, నరములకు, రక్తనాళములకు, చర్మమునకు, ఇంకను ఊపిరితిత్తులకు, ప్రేవులకు, మనస్సునకు గూడ కావలసినది చలనము. ఒకే దేహమున ఒక భాగమునకు మందైన నిశ్చలత తక్కిన భాగములన్నిటికి విషమగుచుండగా, ఆ మందును అందవలసిన చోటికి మాత్రమే అందించి, దాని విషము ఇతరావయవములకు ఎక్కకుండ కాచుటయే ఈ పరిచర్యలోని విద్య అంతయు.

ఈ సంగతి మన పూర్వులు ఎరుగనిది కాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున భగ్నచికిత్సకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. విరిగిన అంగమును లాగి, నొక్కి, స్వస్థానమునకు తెచ్చి, మేడి, రావి, మోదుగ, మద్ది, వెదురు మొదలగువాని పట్టలను బద్దలుగా పెట్టి కట్టుమని చెప్పి ఊరకొనక, ఆ కట్టు వదులైనచో కీలు నిలువదనియు, బిగువైనచో చర్మము వాచి, నొప్పి పుట్టి, చీము పట్టుననియు, కావున రెంటికి నడుమగా కట్టవలెననియు ఆ గ్రంథము విధించుచున్నది. చలువ దినములలో 7 రోజులకు, సాధారణ ఋతువులో 5 రోజులకు, ఎండ దినములలో 3 రోజులకు ఒకమారు కట్టు విప్పి చూచి మరల కట్టవలెనని కాలనియమము గూడ చేసినది. అరచేతి ఎముక అతుకుకొనుచుండగా రోగిచేత మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పుగడ్డను, చేతికి బలము చేకూరిన మీదట రాతిని పట్టించుమని చెప్పిన ఆ ఆచార్యుని దృష్టి, నేటి ఫిజియోథెరపీ గదిలో మెత్తని బంతిని పిసికించు నిపుణుని దృష్టికి ఎంత సమీపమున నున్నదో చూడుడు. కట్టుట ఎంత ముఖ్యమో, కట్టినదానిని కనిపెట్టియుండుట అంత ముఖ్యమని ఆయన ఎరుగును.

బిగువు వలన కలుగు ప్రమాదము నేటి వార్డులలోను తొలి శత్రువే. ముంగాలి ఎముక విరిగి, మోటారుసైకిలు ప్రమాదమున వచ్చిన కుర్రవానికి సాయంకాలము కట్టు వేసిరనుకొందము. రాత్రి పదకొండు గంటలకు నర్సు వచ్చి, కట్టు వెలుపలికి కనబడుచున్న బొటనవ్రేలి గోరును నొక్కి వదలును. తెల్లబడిన గోరు రెండు క్షణములలో మరల ఎర్రబారవలెను. వ్రేళ్ళు వెచ్చగా నున్నవో చల్లబడినవో తన చేతి వెనుకభాగముతో తాకి చూచును. బొటనవ్రేలికి పక్కవ్రేలికి నడుమనున్న చర్మమును మెల్లగా తాకి, "ఇక్కడ తెలుస్తోందా?" అని అడుగును, అంత చిన్న చోటునకు అనుభూతి నిచ్చు నరము ముంగాలి కండరముల నడుమనుండి వచ్చుచున్నది గనుక, లోపలి వార్తను వెలికి తెచ్చునది ఆ చోటే. "వేళ్ళు కదుపు నాయనా" అనును. అప్పుడా కుర్రవాడు, "ఇందాకటి సూదికి కూడా తగ్గలేదు సిస్టర్, లోపల పిండేస్తున్నట్టుంది" అన్నచో, ప్రక్కనున్న తల్లి "కొంచెం ఓర్చుకోరా" అనవచ్చును గాని, నర్సు ఆ మాట అనరాదు.

దెబ్బకు మించిన నొప్పి, మందుకు లొంగని నొప్పి, వ్రేళ్ళను మెల్లగా సాచినంతనే రెట్టించు నొప్పి — ఇవి కండరముల గదిలో వాపు పెరిగి, పోవుటకు చోటులేక, రక్తప్రసారమును తానే నొక్కివేయుచున్నదనుటకు తొలి చిహ్నములు. పాదమున నాడి అందుచున్నది గదా అని ధైర్యపడుట తగదు. నాడి అందుచుండగనే కండరము చచ్చిపోవుట కలదు. ఇంచుమించు 6 గంటలు ఈ స్థితి కొనసాగినచో పోయిన కండరము తిరిగి రాదు. వెంటనే వైద్యుని పిలిపించుట, కట్టును లోపలి దూదితో సహా చర్మమువరకు చీల్చుటకు సిద్ధపరచుట, కాలిని గుండె ఎత్తుననే ఉంచి అంతకు మించి పైకెత్తకుండుట — ఇవి క్షణములమీద జరుగవలెను. అవసరమైనచో శస్త్రచికిత్సకుడు కండరపు పొరను కోసి ఒత్తిడిని వదలించును. బిగిసిన కట్టు క్రింద రక్తము అందక చేతివ్రేళ్ళు పక్షిగోళ్ళవలె ముడుచుకొనిపోవు వైకల్యమును 1881లో జర్మను వైద్యుడు రిఖార్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ వర్ణించెను. నేటికిని దానికి ఆయన పేరే. ఆసుపత్రి కట్టైనను, పేరుపొందిన పుత్తూరు కట్టైనను, వెదురుబద్దల కట్టైనను, వ్రేళ్ళు నీలించినను, మొద్దుబారినను, నొప్పి హెచ్చుచున్నను ఆ రాత్రియే విప్పించుకొనవలెను. రోగి నొప్పి అని చెప్పినప్పుడు నమ్ముట దయ అనుకొందురు చాలమంది; ఎముకల వార్డులో అది రోగనిర్ణయము.

పిండికట్టు సంగతి కొంత చెప్పవలెను. జిప్సము పొడి పట్టించిన గుడ్డపట్టీలను వాడుకలోనికి తెచ్చినవాడు డచ్చి సైనికవైద్యుడు ఆంటోనియస్ మతైసెన్. అది 1852 నాటి మాట. తడిపిన పట్టీ నిమిషములలో గట్టిపడి వేడిని పుట్టించును గాని పూర్తిగా ఆరుటకు ఒకటి మొదలు మూడు దినములు పట్టును. ఈలోగా దానిని ఎత్తవలసివచ్చినచో అరచేతులతోనే ఎత్తవలెను. వ్రేళ్ళతో పట్టినచో పడిన సొట్ట లోపల గుబ్బయై చర్మమును ఒరిసి పుండు చేయును. కట్టులోపల దురద పుట్టినప్పుడు మన ఇండ్లలో చీపురుపుల్ల దూర్చుట సర్వసాధారణము. ఆ పుల్ల గీరిన గీతలో చీము పట్టినచో కంటికి కనబడదు. కట్టుపై గోధుమరంగు మరక, ఒకచోట మాత్రమే వేడి, దుర్వాసన — వీనిచేతనే తెలియవలెను. అందువలన నర్సు కట్టును చూచుటయేగాక వాసనయు చూచును.

బెణుకుల విషయమున ఒక్కమాట. తాజాగా బెణికినచోట నూనె పెట్టి గట్టిగా మర్దించుట మేలు చేయదు. మొదటి రెండు మూడు దినములు విశ్రాంతి, గుడ్డలో చుట్టిన మంచుముక్క, మితమైన పట్టీ, దిండుపై ఎత్తి ఉంచుట చాలును. ముఖ్యముగా మోచేతికి దెబ్బ తగిలినప్పుడు బలవంతపు మర్దనమువలన కండరములోనే ఎముక పుట్టి కీలు బిగుసుకొనిపోవుట కలదు.

తుంటి విరిగిన వృద్ధురాలి మంచమునొద్ద ఈ విద్యకు కఠినతమమైన పరీక్ష జరుగును. స్నానాలగదిలో జారిపడిన ముసలమ్మకు ఆపరేషను అన్నంతనే, "ఈ వయసులో ఎందుకండీ, మంచంమీదే చూసుకుంటాం" అను కుమారులు ప్రేమతోనే ఆ మాట అందురు. కాని ఆమె ప్రాణమునకు విరిగిన ఎముకకన్న ఆ మంచమే ఎక్కువ ప్రమాదకరము. ఆమె తిరిగి నడచుటకు మాత్రమే ఆ శస్త్రచికిత్స అనుకొనరాదు. నెలల తరబడి శయ్యపై పడియుండు గతి తప్పించి, వీలైనచో మరునాడే లేపి కూర్చుండబెట్టుటకు అది మార్గము. కావుననే దేహము తట్టుకొనగలిగినచో ఒకటి రెండు దినములలోనే చేయుట మేలని వైద్యులు తొందరపెట్టుదురు.

మంచముమీద ఉన్నన్నాళ్ళు ఆమెను రెండు గంటల కొకమారు పక్క మార్చవలెను. నడుము దిగువనున్న త్రికాస్థి, మడమలు, తుంటిప్రక్కలు చర్మము పలుచగా ఎముకకు అంటియుండు చోట్లు; ఒత్తిడి తొలగినను పోని ఎర్రమచ్చ అక్కడ కనబడినచో పడకపుండు ఆరంభమైనదనియే అర్థము. మడమ పరుపును తాకకుండ పిక్క క్రింద దిండు పెట్టవలెను. ముడుత పడిన దుప్పటి, ఆరని తడి, లాగి జరుపునప్పటి ఒరిపిడి — ఈ మూడును ముసలి చర్మమును చీల్చునవే. లోతైన శ్వాస తీయించి దగ్గించుట, తల ఎత్తి కూర్చుండబెట్టుట ఊపిరితిత్తులలో కఫము నిలువకుండుటకు.

అన్నిటికంటె సున్నితమైనది ఇంకొకటి కలదు. మన స్త్రీలు అనేకులు బెడ్‌పాన్ పెట్టించుకొనుటకు సిగ్గుపడి మంచినీరే మానివేయుదురు. రోజుకు నాలుగు గ్రుక్కలు త్రాగి పడుకొన్న మనిషికి మలబద్ధకమును, మూత్రమున మంటయు, కొందరికి రాళ్ళును తప్పవు. తెర లాగి, మగవారిని వెలుపలికి పంపి, వెచ్చని నీటితో తొట్టిని కడిగి తుడిచి తెచ్చి, "సిగ్గుపడి నీళ్ళు మానకండి పెద్దమ్మా, పిలవండి, నేనే వస్తా" అను నర్సు చేసిన ఉపకారము ఏ చీటీలోను వ్రాయబడదు. ఆ ఒక్క మాటతో ఆమె త్రాగు చెంబెడు నీరు, సీసాలతో ఎక్కించు ద్రవములకు తీసిపోదు.

మన ఇండ్లలో పెద్దల కాళ్ళు ఒత్తుట సేవ. కాని పడకలోనున్నవారి పిక్క ఒకటి వాచి, వెచ్చగా నుండి, నొప్పి పెట్టుచున్నచో ఆ సేవ చేయరాదు. లోపలి సిరలో గడ్డకట్టిన రక్తము కదలి ఊపిరితిత్తికి పోయినచో ప్రాణమే పోవచ్చును. చీలమండను పైకి క్రిందికి ఆడించు వ్యాయామము మొదటి దినమునుండియే చేయించుట దీనికి నివారణ. అట్లే తొడ ఎముక వంటి పెద్ద ఎముక విరిగిన మొదటి మూడు దినములలో రోగికి ఆయాసము, తికమక మాటలు, ఛాతీపై చిన్న ఎర్రచుక్కలు కనబడినచో, ఎముకలోని కొవ్వు రక్తమున కలిసినదని అనుమానించి తక్షణము వైద్యుని పిలువవలెను.

తొడ ఎముక విరుగుటలో ప్రాణభయము ఎంతటిదో మొదటి ప్రపంచయుద్ధము తెలిపినది. లివర్‌పూలు వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్, తరతరములుగా ఎముకలు కట్టు కుటుంబమున పుట్టినవాడు, పందొమ్మిదవ శతాబ్దమున ఒక ఇనుపకమ్మీల చట్రమును కల్పించెను. ఆయన జీవించియుండగా దానిని మన్నించినవారు తక్కువ. యుద్ధకాలమున ఆయన శిష్యుడు రాబర్ట్ జోన్సు పట్టుదలవలన అది రణరంగమునకు చేరెను. తొడ విరిగినవారిలో నూటికి 80 వరకు నున్న మరణములు ఆ చట్రముతో 20 లోపునకు దిగినవని ఆనాటి సైనికవైద్యులు వ్రాసిరి. కాలిని లాగిపట్టి కదలనీయకుండుటయే దానిలోని కీలకము. వార్డులో ట్రాక్షన్ కట్టిన కాలికి వ్రేలాడు బరువులకు నేటికిని అదే సూత్రము. ఆ బరువు నేలను ఆనరాదు, త్రాడు కప్పీనుండి జారరాదు, ఊడ్చుటకు అడ్డమని ఎవరును తీసి ప్రక్కన పెట్టరాదు.

ఆ రాబర్ట్ జోన్సును ఒక పల్లెకు రప్పించిన నర్సు కథ ఈ వృత్తిలోనివారందరు ఎరుగదగినది. ఆగ్నెస్ హంట్ 1866లో పుట్టి, బాల్యముననే తుంటి ఎముక చెడి, బ్రతుకంతయు కుంటుచునే నడచినది. నర్సు శిక్షణము పొంది, 1900లో ఇంగ్లండులోని బాస్‌చర్చి గ్రామమున వికలాంగులైన పిల్లలకొక ఆశ్రయమును తెరచెను. ఆ ఇంటి మెట్లపై పిల్లలను మోయుట దుస్సాధ్యమగుటచేత తోటలో ఒకవైపు తెరచియున్న పాకలు వేయించి వారిని ఆరుబయటి గాలిలోనే ఉంచినది. చూడవచ్చినవారు ఆశ్చర్యపడిరి గాని, ఎముకల క్షయతో వచ్చిన పిల్లలు తేరుకొనిరి. తన తుంటిని చూపించుకొనుటకు లివర్‌పూలునకు పోయి జోన్సును కలిసికొని, ఆయనను తన పిల్లల వైద్యునిగా చేసికొనినది. ఇల్లు చేరిన పిల్లలు చట్రములు విరిగి, కట్టులు వదులై మరల చెడిపోవుచుండుట చూచి, 1907లో ఊళ్ళలోనే అనంతర పరిచర్యకు క్లినిక్కులు పెట్టినది. 1921లో ఆసుపత్రి ఆస్వెస్ట్రీకి తరలెను; వైకల్యము గలవారికి చేతిపనులు నేర్పు విద్యాలయము 1927లో వెలసెను. తాను నొప్పిని ఎరిగిన మనిషి గనుకనే పిల్లలను చూచి జాలిపడుటతో తృప్తిపడక, వారిని పనివారినిగా చేయ సంకల్పించినదని నా నమ్మకము.

మనకు ఆ అనంతర పరిచర్య, అనగా రోగి ఇంటికి పోయిన తరువాతి మెట్టు, నేటికిని బలహీనముగనే ఉన్నది. హైదరాబాదున 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై నిమ్స్‌గా పెరిగిన సంస్థనుండి జిల్లా ఆసుపత్రులవరకు ఎముకలు కూర్చు నేర్పునకు కొదువలేదు. పల్లెకు తిరిగిపోయిన రోగికి మాత్రము చంకకర్రను సరిచూచువారుండరు. కర్ర పైతల చంకకు రెండు మూడు వ్రేళ్ళ దిగువన ఉండవలెను. బరువు అరచేతులపై పడవలెనే గాని చంకపై వ్రేలాడినచో నరము నలిగి చేయి చచ్చుబడును. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు దెబ్బకాలు ముందు. తుంటికీలు మార్చినవారు వైద్యుడు చెప్పినంతకాలము గొంతుకూర్చుండరాదు, బాసీపట్లు వేయరాదు, కాలుపై కాలు వేసికొనరాదు. అందువలన వారు ఇల్లు చేరకముందే ఎత్తైన కుర్చీయు, మరుగుదొడ్డిలో ఎత్తైన పీటయు, గోడకు పట్టుకమ్మియు సిద్ధము కావలెను. డిశ్చార్జి నాడు చేతికిచ్చు కాగితమున మందుల పేర్లతోబాటు ఇవన్నియు పెద్ద తెలుగు అక్షరములతో ఉండవలెను. కట్టు బిగిసినచో, పిక్క వాచినచో, కుట్లనుండి చీము కారినచో ఏ నంబరునకు ఫోను చేయవలెనో అందే వ్రాసి, ఇంట అన్నముపెట్టు మనిషిచేత ఒకమారు పైకి చదివించి పంపవలెను.