ఆ సెల్లులో సత్తువెంత?

కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడందే కోనసీమలో ఎవరూ కొనరు. లోపల నీళ్లున్నాయో లేదో ఆ చప్పుడే చెప్పేస్తుంది. టార్చిలైటులో వేసే రీఛార్జబుల్ సెల్లుకు మాత్రం అలాంటి కిటుకు లేదు. కొత్తదైనా, సత్తువ ఉడిగినదైనా పైకి ఒకేలా కనిపిస్తుంది. ఛార్జర్ మీద పచ్చలైటు వెలిగితే నిండిందనుకుంటాం. తీరా కరెంటు పోయిన రాత్రి పది నిమిషాలకే టార్చి కొడిగడుతుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వాసులకు ఇది చిన్న విషయం కాదు. 1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడ్డ తుపాను కొబ్బరి తోటలతోపాటు కరెంటు స్తంభాలనూ కూల్చేసింది. 2022 జులైలో గోదావరి పొంగి లంక గ్రామాలను ముంచెత్తింది. అలాంటప్పుడు సెల్‌ఫోన్‌లో ఉన్న కాస్త ఛార్జింగును మాటలకు దాచుకోవాలి. వెలుగుకు టార్చే దిక్కు!

ఆపడమే తెలివి

చౌకరకం ఛార్జర్లలో చాలావాటికి సెల్లు నిండిన సంగతి తెలీదు. ప్లగ్గు పీకేదాకా కరెంటు పంపుతూనే ఉంటాయి. నిండిన బిందె పొర్లిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. కాకపోతే పొర్లేది వేడి. అదే సెల్లు ఆయుష్షును తినేస్తుంది. పైగా వీటిలో కొన్ని సెల్లులను రెండేసి చొప్పున జతగా ఛార్జ్ చేస్తాయి. జతలో బలహీనమైనది ముందే నిండి ఉడికిపోతుంది.

స్మార్ట్ ఛార్జర్ ఒక్కో సెల్లునూ విడిగా కనిపెట్టుకుని ఉంటుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు నిండగానే దాని వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఆ కాస్త తగ్గుదలనే పసిగట్టి కరెంటు ఆపేస్తుంది.

ఇలా పరీక్షించండి

తెర ఉన్న రకాల్లో టెస్ట్ అనే సదుపాయం ఉంటుంది. సెల్లును పూర్తిగా నింపి, ఖాళీ చేసి, ఎంత కరెంటు వచ్చిందో ఎంఏహెచ్‌లలో చూపిస్తుంది. ఇందుకు దాదాపు ఒక రోజు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే చాలా ఛార్జర్లలో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి కోతల్లేని రోజు చూసుకోవాలి.

సెల్లు మీద 2000 అని రాసి ఉండి, తెర మీద 1800 కనిపిస్తే అది దిట్టమైనదే. 1100 వస్తే టీవీ రిమోట్‌కు చాలు, టార్చికి వద్దు. అయితే ఎన్నాళ్లో మూలనపడి ఉన్న సెల్లుకు రెండు మూడుసార్లు అవకాశమిచ్చాకే తీర్పు చెప్పాలి. ప్రతిదాని మీదా మార్కర్‌తో అంకె రాసి, దగ్గర దగ్గర లెక్క వచ్చినవాటినే జతచేయండి.

రెండో పరీక్ష నిల్వకు. నింపిన సెల్లును నెల్లాళ్లు పక్కనపెట్టి, మళ్లీ ఛార్జ్ చేయకుండా ఖాళీ చేసి లెక్క చూడండి. పాతరకం సెల్లులు ఊరికే ఉన్నా తరిగిపోతాయి. ఈ లోపాన్ని బాగా తగ్గించిన ఎనెలూప్ సెల్లులను జపాన్ సంస్థ శాన్యో 2005లో తెచ్చింది. ఆ తరహావి ఇప్పుడు ఇతర కంపెనీలవీ దొరుకుతున్నాయి. అటక మీది టార్చికి అవే మేలు.

ఒక్క జాగ్రత్త: ఒకసారి వాడి పారేసే మామూలు సెల్లులను ఈ ఛార్జర్‌లో పెట్టకూడదు. కారిపోతాయి, పగిలే ప్రమాదమూ ఉంది. పనికిరాని సెల్లులను కాలువలో విసరొద్దు. పాత నికెల్ కాడ్మియం రకంలోని కాడ్మియం విషం. మనం తాగేది ఆ కాలువ నీళ్లే. వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 నాటి నియమాలు ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి.

తుపాన్ల కాలం అక్టోబరు, నవంబరు. వినాయక చవితి వెళ్లగానే ఇంట్లోని సెల్లులన్నిటికీ ఓ పరీక్ష పెట్టేయండి. గాలి మొదలయ్యాక ఎంత స్మార్ట్ ఛార్జరున్నా లాభం లేదు... దానికీ కరెంటు కావాలిగా!