ఉండేలుకు లైసెన్సు అడగరు, కానీ...

జొన్న పాలకంకి మీదికొచ్చిందంటే మంచె ఎక్కక తప్పదు. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు వాలేటప్పుడు చిలకలు గుంపులుగా దిగుతాయి. ఆ రెండు పూటలూ వడిసెల తిప్పితేనే నాలుగు గింజలు ఇల్లు చేరేది. మరి మీ చేతిలోని వడిసెల, మీవాడి జేబులోని ఉండేలు చట్టం దృష్టిలో ఆయుధాలేనా?

1959 నాటి ఆయుధాల చట్టం కేవలం ఇంటికి, సేద్యానికి పనికొచ్చే వస్తువులను, అంటే లాఠీ, చేతికర్ర వంటివాటిని ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. ఆటవస్తువులనూ వదిలేసింది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్ వేల్స్‌లో అలా కాదు. అక్కడ 1998 చట్టం ప్రకారం పంగలకర్ర నిషేధిత ఆయుధం. పిల్లలు ఆడుకోడానికి ఇంట్లో చేసుకున్నదానికే మినహాయింపు. ఆ మాటకొస్తే మనమే నయం.

అసలు చిక్కు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో. జంతువును గాయపరచగల, చంపగల ఏ సాధనమైనా అందులో ఆయుధమే. గాయపరచినా 'వేట' కిందికే వస్తుంది. రాయి తగిలి నెమలి కాలు విరిగిందనుకోండి, అది మొదటి షెడ్యూలు పక్షి. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, పైన రూ.25 వేలకు తక్కువ కాని జరిమానా. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులో ఉన్న అడవిపందిని కూడా మీ అంతట మీరు కొట్టకూడదు.

పంటను మేసేది అది, భయపడాల్సింది రైతా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగితే ప్రాణాలు పోతాయి, మనిషివైనా సరే. అంతకన్నా వడిసెల ఎంతో మేలు. సొంత చేలో బెదరగొట్టడానికి వాడే వడిసెల, ఉండేలు నేరం కాదని, అల్లి సంతలో అమ్ముకునేవారికీ ఇబ్బంది ఉండదని లాఠీకి రాసినట్టే ఒక్క వాక్యం రాస్తే పోయేదేముంది?

అందాకా రాయి బదులు ఎండిన మట్టి ఉండ వాడండి. పిట్టకు గురిపెట్టకండి, ఖాళీ డబ్బా వేలాడదీసి దాన్ని కొట్టండి. మోతకే లేచిపోతాయి. ఇనుప గుండ్లు అసలు వద్దు. పక్క చేలో కూలీలున్నారేమో చూసుకోండి.

పందుల బెడద మరీ ఎక్కువైతే అటవీ అధికారులకు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. నిలిచిన పంటను పాడుచేసే రెండో షెడ్యూలు జంతువులపై అనుమతినిచ్చే అధికారం 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి, ఆయన అధికారమిచ్చినవారికి ఉంది. అర్జీ నకలు మీ దగ్గర ఉంచుకోండి.