థైరాయిడ్ రిపోర్టు: టీఎస్‌హెచ్ పెరిగితే గ్రంథి మందగించినట్టు

మర్రిగూడ, మునుగోడు దిక్కు కీళ్లు, ఒళ్లు గుంజితే "అంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే" అనుకుంటాం. థైరాయిడ్ మందగించినా ఒళ్లు నొప్పులు, నీరసం, మలబద్ధకం వస్తాయి. థైరాయిడ్ సంగతి రక్త పరీక్షతోనే తేలుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సర్కారు దవాఖానలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఈ పరీక్ష ఉచితం.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్‌లో తయారయ్యేది కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. పని నడవకపోతే మేస్త్రి గట్టిగా అరిచినట్టే, థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది.

రిపోర్టు ఇలా చూడండి:

* టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 వరకు: మామూలే. ల్యాబును బట్టి కొంత మారుతుంది. గర్భిణులకు లెక్క వేరు.
* టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ: హైపో. గోలీ అవసరం.
* టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, ఫ్రీ టీ4 సరిగ్గా: తొలి దశ. సాధారణంగా 2, 3 నెలలకు మళ్లీ పరీక్ష చేస్తారు.
* టీఎస్‌హెచ్ తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ: హైపర్. గుండెదడ, బరువు తగ్గడం ఉంటాయి.

ప్రకృతి వ్యవసాయం చేసే మనలో చాలామంది సైంధవ లవణానికి మారారు. అందులో అయోడిన్ చాలా తక్కువ. కూరలోకి అయోడిన్ ఉప్పే వాడండి.

హైపో గోలీ పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా చాయ్, తిండి వద్దు. ఐరన్, కాల్షియం గోలీలకు 4 గంటల ఎడం ఉండాలి.

కషాయం తాగుతున్నామనో, టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చిందనో గోలీ ఆపొద్దు. అది మామూలుకు వచ్చింది ఆ గోలీ వల్లే కావచ్చు. డోసు పెంచినా, తగ్గించినా డాక్టరు చెప్పాకే.