దూరపు పరుగుకు దారిబత్తెం

పూర్వం బాటసారి ఊరు విడిచేటప్పుడు ఇన్ని అటుకులో, పేలాలో, చిన్న బెల్లం ముక్కో మూట గట్టుకోనిదే గడప దాటేవాడు కాదు. దానికే దారిబత్తెం అని పేరు. ఇరవై ఆరు మైళ్ళ మారథాన్ పరుగెత్తే వీరుడు మాత్రం చాలాకాలం ఈ బత్తెం లేకుండానే బయలుదేరినాడు. పరుగు మధ్యలో తాగడం బలహీనతకు గుర్తనీ, కడుపులో నీరు పడితే కాళ్ళు సాగవనీ ఆనాటి శిక్షకులు నమ్మినారు. ఆ నమ్మకానికి ఆటగాళ్ళు చెల్లించిన వెల తక్కువది కాదు.

1904 ఆగస్టు 30వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఒలింపిక్ మారథాన్ జరిగినది. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపులలో ఉన్నది. దారి పొడుగునా దుమ్ము. వెంట నడిచిన మోటారుకార్లు దానిని మరింత రేపినవి. నీరు దొరికే తావులు ఒకటి రెండుకు మించలేదు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మంది మాత్రమే. వారిలో థామస్ హిక్స్ అనే అతడు ఇంకా పది మైళ్ళు ఉండగానే దాహం, దాహం అని అలమటించినాడు. సహాయకులు నీరియ్యలేదు, గోరువెచ్చని నీట తడిపిన స్పంజితో నోరు తుడిచి ఊరుకున్నారు. తరువాత వారు ఇచ్చినవి కోడిగ్రుడ్డు తెల్లసొన, బ్రాందీ, స్ట్రిక్నిన్! స్ట్రిక్నిన్ అంటే మన అడవులలో పెరిగే ముష్టిచెట్టు గింజలోని విషం. చివరకు ఇద్దరు చెరొక ప్రక్క పట్టుకొని నడిపించగా హిక్స్ గీత దాటినాడు. బంగారు పతకం దక్కడం సరే, ప్రాణం దక్కడమే వింత. అదే పందెంలో కార్వహాల్ అనే క్యూబా దేశపు తపాలా బంట్రోతు ఆకలికి తాళలేక దారిప్రక్క తోటలో ఆపిల్ పండ్లు కోసి తిన్నాడు. కడుపునొప్పి పట్టుకొన్నది. అయినా లేచి పరుగెత్తి నాలుగవవాడుగా వచ్చినాడు. నీళ్ళు లేనివాడు గెలిచినాడు, పండ్లు తిన్నవాడు వెనుకబడినాడు. పాత నమ్మకం బలపడడానికి ఇంతకంటె ఏమి కావాలి?

ఇరవై ఏళ్ళ తరువాత ఈ సంగతిని రక్తపరీక్షతో తేల్చినవారు బోస్టన్ నగర వైద్యులు. 1924లో డాక్టర్ లెవిన్, ఆయన సహచరులు అక్కడి మారథాన్ ముగించినవారి రక్తం తీసి చూడగా, పలువురిలో చక్కెర పాలు బాగా పడిపోయి ఉన్నది. పాలిపోయిన ముఖం, నీరసం, మగత, ఇవి మధుమేహ రోగికి ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలే. ఇన్సులిన్ వాడుకలోకి వచ్చి అప్పటికి రెండేళ్ళే గనుక ఆ పోలిక వారికి వెంటనే తట్టినది. మరుసటి సంవత్సరం పరుగువారికి ముందురోజు పిండిపదార్థాలు దండిగా పెట్టి, పరుగు మధ్యలో చక్కెర మిఠాయిలు తినిపించినారు. రక్తంలో చక్కెర నిలిచినది, మనిషీ నిలిచినాడు.

ఆ నగరానికే 1923లో ఒక తెలుగువాడు వచ్చి చేరినాడు. ఆయన 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మారథాన్ పరీక్షలతో ఆయనకు సంబంధం లేదు. కాని కండరం దేనితో పని చేస్తుందన్న ప్రశ్నకు జవాబులో ఆయన పాలు పెద్దది. హార్వర్డ్ వైద్యకళాశాలలో ఫిస్కేతో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వెలికి తీసినారు. రెండవదానిని అదే సంవత్సరం జర్మనీలో లోమన్ వేరుగా కనుగొన్నాడు. కండరం ముడుచుకొన్న ప్రతిసారీ ఖర్చయ్యే నాణెం ఏ.టి.పి. ఫాస్ఫోక్రియాటిన్ చేతిలోని చిల్లర వంటిది. కొన్ని క్షణాల ఉరుకుకే సరిపోతుంది. ఆపైన నాణేలు ముద్రించడానికి సరుకు కావాలి. కండరాలలోను, కాలేయంలోను గ్లైకోజెన్ రూపంలో దాచిన చక్కెర గట్టి పరుగు మీద సుమారు రెండు గంటలలో అడుగంటుతుంది. కొవ్వు నిల్వ పెద్దదే గాని, అది మెల్లగా గాని చేతికి అందదు. మారథాన్ చివరి ఆరు మైళ్ళలో ఎంతటివాడికైనా కాళ్ళు సీసమైపోవడానికి రహస్యం ఇదే.

నీటి మాట వేరు. 1952లో టెన్సింగ్, స్విట్జర్లాండు దేశీయుడు లాంబర్ట్ ఎవరెస్టు పైకొసన పొయ్యి లేకుండా ఒక రాత్రి గడిపినారు. కొవ్వొత్తి మంటపై మంచు కరగించుకొని గొంతు తడుపుకొన్నారు. మరునాడు శిఖరానికి వెయ్యి అడుగుల లోపున వెనుదిరగవలసి వచ్చినది. ప్రాణవాయువు పరికరాలు సరిగా పనిచేయకపోవడంతో పాటు ఆ దాహం కూడ వారిని కుంగదీసినది. 1953 బృందంతో ఉన్న శరీరశాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ ప్యూ ఈసారి నీటి విషయంలో పట్టుబట్టినాడు. చివరి మకాములో టెన్సింగ్, హిల్లరీ స్టవ్వు మీద మంచు కరగించి చక్కెర కలిపిన వేడి నిమ్మరసం కడుపునిండా తాగినారు. ఖర్జూరాలు, తేనె, జాము, బిస్కత్తులమీది చేపలు తిన్నారు. మరునాడు శిఖరాగ్రాన టెన్సింగ్ మంచులో చిన్న గుంట తీసి దేవతలకు సమర్పించినవి కూడ చాకొలెట్టు, బిస్కత్తులు, మిఠాయిలే.

1965లో ఫ్లారిడా విశ్వవిద్యాలయ వైద్యుడు రాబర్ట్ కేడ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళకోసం నీరు, చక్కెర, ఉప్పు, నిమ్మరసం కలిపి ఒక పానీయం చేసినాడు. గేటరేడ్ అన్న పేరుతో అది సీసాలకెక్కినది. చక్కెర తోడుంటే చిన్నప్రేగు ఉప్పును, దాని వెంట నీటిని చురుకుగా పీల్చుకొంటుంది. మన ఇళ్ళలో ఎండనపడి వచ్చినవాడికి ఇచ్చే ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసంలో ఉన్నదీ ఈ కిటుకే. వ్యాపారం పెరిగిన కొద్దీ తాగగలిగినంత తాగండి అన్న బోధ బయలుదేరినది. అదీ ప్రమాదమే. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షించగా నూటికి 13 మందిలో సోడియం ఉండవలసినదానికంటె తక్కువగా ఉన్నది. అవసరానికి మించి తాగి, పరుగు చివర బరువు పెరిగినవారికే ఈ ముప్పు హెచ్చు. అదే పందెంలో ఒక యువతి దీనివల్లనే మరణించినది.

ఇక ఎంపిక. గంటలోపు పరుగుకు నీరు చాలు. అంతకు మించితే గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మధ్యరకం అరటిపండులో 25 గ్రాముల వరకు దొరుకుతుంది. అరలీటరు నీటిలో ఆరేడు చిన్నచెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపితే సుమారు 30 గ్రాములు. ఇంతకంటె బాగా చిక్కనైతే కడుపులోనే నిలిచి వికారం పుట్టిస్తుంది. వేరుసెనగ ఉండలో నూనె హెచ్చు. కొండ ఎక్కేవాడికి అది మంచి నేస్తం, పరుగువాడికి కాదు. కొబ్బరినీళ్ళలో పొటాసియం ఎక్కువ, చెమటతో పోయే సోడియం తక్కువ. ఉప్పు వేసిన మజ్జిగ దాహం తీరుస్తుందే గాని ఇంధనం కాదు. పరుగు ముగిసిన తరువాత దానికి సాటి లేదు. పందెం ముందు బజ్జీలు, పకోడీల సంగతి ఎత్తకపోవడమే మేలు.

ఎంత తాగాలన్నది మాత్రం ఒంటికొక లెక్క. బడిలో తూనిక యంత్రం ఉంటే వ్యాయామోపాధ్యాయుడు సాధన రోజుల్లో పిల్లలను పరుగుకు ముందు, తరువాత తూచి వ్రాసి పెట్టవచ్చును. యాభై కిలోల బాలుడు కిలోకు పైగా తగ్గితే అతడు మరికొంత తాగవలసి ఉన్నది. పరుగెత్తి వచ్చి బరువు పెరిగితే మాత్రం అతని చేతిలోని సీసా తీసి ప్రక్కన పెట్టవలసినదే.