అమ్మాయిలకు ఇంజనీరింగు: సీటు దొరికిన తరువాత

శాన్ రామన్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్లను సైన్సు చదవవద్దనే తల్లిదండ్రులు దాదాపు కనబడరు. యూనివర్శిటీలకు దరఖాస్తులు పెట్టే రోజులు వచ్చాయంటే ఏ విందులో చూసినా ఏ కాలేజీ, ఏ మేజరు అన్న చర్చే. సీటు వచ్చిందనగానే నలుగురికీ మిఠాయి పంచి, మన బాధ్యత తీరిందనుకుంటాము. చాలామంది అమ్మాయిలకు అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. మొదటి సంవత్సరం ప్రోగ్రామింగు క్లాసులో చుట్టూ హైస్కూలు నాటినుంచీ కంప్యూటరుతో కుస్తీ పట్టిన అబ్బాయిలు కూర్చుని వుంటారు. వాళ్ళ మాటల జోరు చూసి, తానొక్కతే వెనకబడ్డానని అనుకుని, రెండో ఏడు వచ్చేసరికి మేజరు మార్చుకునే అమ్మాయికి తెలివి తక్కువై కాదు, తోడు లేక. ఈ తోడును గురించే నాలుగు మాటలు.

మన దేశంలో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్న మొదటి స్త్రీలలో ఒకరు తెలుగువారేనని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకే వైధవ్యం, ఒళ్ళో నెలల బిడ్డ. ఆ రోజుల్లో అటువంటి స్త్రీకి లోకం చూపిన చోటు వంటింటి మూల. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యులు. ఆయన కూతుర్ని తన కాలేజీలోనే చేర్పించడానికి పూనుకున్నారు. ప్రిన్సిపాలును ఒప్పించి, విద్యాశాఖ డైరెక్టరు అనుమతి సంపాదించి, 1940లో ఆమెను ఎలక్ట్రికల్ శాఖలో చేర్చారు.

కథ ఇక్కడితో ఆగితే మనం దానిని ఒక తండ్రి గొప్పతనంగా చెప్పుకుని వూరుకోవచ్చు. ఆ తరువాత జరిగింది ఇంకా గమనించదగ్గది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల ఎలా మసలుతుందన్న ప్రశ్న వచ్చింది. కాలేజీవారు మరికొందరు స్త్రీలకు కూడా తలుపు తెరిచారు. కేరళకు చెందిన పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి సివిల్ శాఖలో చేరారు. ముగ్గురూ పట్టభద్రులయ్యారు. పట్టా కాగితం మీద అచ్చయి వున్న 'అతడు' అనే మాటను కొట్టివేసి, చేత్తో 'ఆమె' అని రాయవలసి వచ్చిందట!

లలితగారు జమాల్పూరు రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొంది, సిమ్లాలో ప్రభుత్వోద్యోగం చేసి, ఆ పైన కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్తు పనుల్లో ఆమె చెయ్యి వుంది. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశానికి హాజరయ్యారు. 1979లో కన్నుమూశారు. ఇంట్లో పట్టు వదలని తండ్రి, కాలేజీలో తోడుగా ఇద్దరు నేస్తాలు. ఆమె తెలివికి ఈ రెండూ కలిసివచ్చాయి.

ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ వంటి పరీక్షల ద్వారా భర్తీ చేసే సీట్లలో మూడో వంతు అమ్మాయిలకు కేటాయిస్తున్నారు. ఐ.ఐ.టి.లలో 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు కల్పించారు. మగపిల్లల సీట్లు తగ్గించకుండానే అమ్మాయిల వాటాను రెండేళ్ళలో ఇరవై శాతం దాకా తెచ్చారు. ఆ విధంగా ఒక్కొక్క క్లాసులో పదిమంది అమ్మాయిలు కనబడతారు, ఒకరికొకరు తోడవుతారు.

మనం వున్న కాలిఫోర్నియాలో ఆ దారి లేదు. 1996లో ఓటర్లు ఆమోదించిన 209వ ప్రతిపాదన ప్రకారం ప్రభుత్వ యూనివర్శిటీలు ఆడా మగా తేడా చూసి సీట్లివ్వరాదు. పైగా అమెరికా మొత్తం మీద కంప్యూటర్ సైన్సు డిగ్రీల్లో స్త్రీల వాటా 1980ల మధ్యలో 37 శాతం దాకా వుండి, తరువాత పాతికేళ్ళలో సుమారు సగానికి పడిపోయింది. ఇంటి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటిని మగపిల్లల ఆటవస్తువులుగా అమ్మడం దీనికొక కారణమంటారు.

అయినా, కోటా లేకుండానే దారి చూపిన కాలేజీలు వున్నాయి. లాస్ ఏంజలిస్ దగ్గర క్లేర్మాంటులోని హార్వీ మడ్ కాలేజీ కథ చూడండి. మరియా క్లావే 2006లో అక్కడ అధ్యక్షురాలయ్యేనాటికి కంప్యూటర్ సైన్సులో అమ్మాయిలు పదిమందిలో ఒక్కరు. అక్కడివారు మొదటి కోర్సును మార్చారు. ముందే ప్రోగ్రామింగు తెలిసినవారిని ఒక బృందంగా, కొత్తవారిని ఇంకొక బృందంగా విడదీశారు. తెలిసినవాడి గొప్పలు కొత్తవారి ధైర్యాన్ని తినెయ్యకుండా చూశారన్నమాట. మొదటి ఏడాది అమ్మాయిలను మహిళా కంప్యూటర్ నిపుణుల మహాసభకు తీసుకెళ్ళారు, వేసవిలో పరిశోధన పని ఇచ్చారు. కొద్ది సంవత్సరాల్లోనే వారి వాటా నలభై శాతానికి చేరింది. మనకు దగ్గరలోని బర్కిలీలో 2013 వసంతంలో ఒక ప్రారంభ కోర్సులో అబ్బాయిలు 104 మంది అయితే అమ్మాయిలు 106 మంది. పాఠం చెప్పే తీరు మారితే ఫలితం మారుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యమేం కావాలి?

కాలేజీల సంగతి సరే, మన ఇళ్ళ మాట? మన సంఘంలో ఇంజనీరింగు చదివి, వీసా చిక్కుల వల్లో, పిల్లల పెంపకం వల్లో కొన్నేళ్ళు ఇంటిపట్టునే వుండిపోయిన సోదరీమణులు తక్కువేం కాదు. కూతురు వినే ఉపన్యాసాలకన్న తల్లి జీవితమే దానికి పెద్ద పాఠం. ఆ తల్లి మళ్ళీ ఒక కోర్సులో చేరితే, రాత్రి వంట తండ్రి అందుకుంటే, అది చూసే కూతురికి వేరే ప్రోత్సాహం అక్కరలేదు.

సభ్యులకు నా మనవి ఇది. యూనివర్శిటీలో మొదటి ఏడాది చదువుతున్న ప్రతి అమ్మాయికీ, అదే రంగంలో పనిచేస్తున్న మన అక్కయ్య ఒకరు నెలకొకసారి ఫోను చేసే ఏర్పాటు చేద్దాము. మార్కులు అడగవద్దు, క్లాసులో స్నేహితురాలు దొరికిందా అని అడగండి. మొదటి మిడ్‌టర్ములో సి వచ్చిన రోజున "నీ వల్ల కాదులే, వేరే మేజరు తీసుకో" అని మనమే ముందు అనకుండా వుందాము. మొదటి పరీక్షలో దెబ్బతిని తరువాత నిలదొక్కుకున్న అక్కయ్యలు మనలోనే వున్నారు. వారు ఉగాది సభలో పది నిమిషాలు ఆ సంగతి చెబితే మన అమ్మాయిలకు ఎంతో ధైర్యం.

లలితగారి కోసం సుబ్బారావుగారు ఒక్కరే ఇన్ని గడపలు ఎక్కారు. మనం ఇంతమందిమి వున్నాము. పేర్లు ఇవ్వదలచిన అక్కయ్యలు వచ్చే సమావేశంలో కార్యవర్గ సభ్యులకు చెప్పగోరుతున్నాను.